అసలు కమ్యూనిస్టు

తొరాబ్ చద్దన్నం పళ్లెం పట్టుకుని వాకిట్లో ఆ చివరికి పోయి కూర్చున్నాడు.

"ద్రోహి పక్కన నాకు ముద్ద దిగదు."

"ఒక మాట చెప్పాలి, ఇటు రారా," అన్నాడు అన్న మోక్సెద్.

"నీ మాటలు మీ పార్టీకే చెప్పుకో."

తల్లి మొయ్‌మునా ఇద్దరి మధ్యా ఉప్పు, మిరపకాయలు మోసుకుంటూ తిరుగుతోంది. పార్టీ చీలినప్పటినుంచి ఆమెకు ఇదే పని. ముందు పాకిస్తాన్ సైన్యాన్ని తరమాలనే పక్షం చిన్నవాడిది. సైన్యమూ, దానితో తలపడే పెద్దలూ రెండు కుక్కలు, వాటి కొట్లాటలో పేదవాడికేం పని అనే పక్షం పెద్దవాడిది. ఊళ్లో కమ్యూనిస్టులు గుప్పెడుమంది. పక్షాలు మాత్రం వేలికొకటి. భర్తను కలరాకూ, కూతురిని నదికీ వదులుకున్న మనిషి ఆమె. ఈ ఇద్దరూ ఒకే కప్పు కింద ఉంటే చాలు, ఎవరి సిద్ధాంతమైనా సరే.

బూట్ల చప్పుడు వినిపించేసరికే సిపాయిలు వాకిట్లో ఉన్నారు.

"ఈ ఇంట్లో ఒక కమ్యూనిస్టు ఉన్నాడట. ఎవడు?" అన్నాడు కెప్టెన్.

"నేనే," మోక్సెద్ లేచాడు.

"వాడొక్కడేనా? నేనూ..." తొరాబ్ అందుకోబోయాడు.

మోక్సెద్ పకపకా నవ్వాడు. "వీడా! మీటింగుల్లో టీ కోసం వచ్చే బాపతు సాబ్. పుస్తకం తలకిందులుగా పట్టుకుంటాడు. వీణ్ణి నా పక్కన నిలబెడితే నా పరువు పోతుంది."

తొరాబ్ మొహం కందగడ్డయింది. "ఎవడ్రా నకిలీ..."

మొయ్‌మునా అరచేత్తో వాడి నోరు నొక్కేసింది. కెప్టెన్‌కు నవ్వొచ్చింది.

"అసలువాణ్ణి పట్టుకోండి. నకిలీ సరుకు మనకెందుకు?"

ఆమె పెద్దకొడుకు చెయ్యి పట్టుకుంది. మోక్సెద్ విదిలించుకున్నాడు. "అమ్మా, వాణ్ణి నా కళ్ల ముందునుంచి తీసుకుపో. ఏరు దాటించెయ్."

పడవలో తొరాబ్ పళ్లు నూరుతూనే ఉన్నాడు.

"టీ కోసం వచ్చేవాణ్ణా నేను? పడవ వెనక్కి తిప్పమ్మా, వాడికి జవాబు చెప్పాలి!"

"వాణ్ణి చంపేస్తారేమోరా!"

"పోయేముందు వాడు నాకు క్షమాపణైనా చెప్పాలా వద్దా?"

మొయ్‌మునా చెంగు నోట్లో కుక్కుకుని వెనక్కి చూస్తూ కూర్చుంది.

అవతలి ఒడ్డున తొరాబ్ పక్షం నాయకుడు కొబద్ మాస్టారు ఎదురొచ్చాడు. పడవలోకి తొంగిచూశాడు.

"మోక్సెద్ ఏడీ?"

"ఆ ద్రోహి పేరెత్తకండి మాస్టారూ."

మాస్టారు తెల్లబోయాడు.

"నిన్ననే మన పక్షంలో చేరాడు కదయ్యా!"