పాటకు ముందు మాటలు

"చెవి కాలిందే!" అని ఎర్లీన్ కెవ్వుమంది.

"కాలనీ. నా పాట ఎత్తుకుపోయినప్పుడు నాకూ ఇలాగే కాలింది," అంది వెర్డెల్. మెంఫిస్‌లో జుట్టు సాపు చేసే కొట్లన్నీ వదిలేసి, ముప్పై ఏళ్లుగా తనతో మాటల్లేని మనిషి వచ్చి తన కుర్చీలోనే కూర్చోవడం పొగరు కాక మరేమిటి? వెర్డెల్ చేతిలో, జుట్టు సాపు చెయ్యడానికి కాల్చిన ఇనప దువ్వెన పొగలు కక్కుతోంది.

"తిట్టింది చాలు. ఇది విను." అరవైల నాటి నల్లవాళ్ల సోల్ పాటలు ఏర్చికూర్చిన కొత్త ఆల్బమ్‌ని పక్కనున్న ప్లేయర్‌లో పెట్టింది ఎర్లీన్.

"నా కొట్లో నీ గొంతు వినపడ్డానికి వీల్లేదు!"

కానీ పాట కన్నా ముందు, ఆనాటి స్టూడియోలో మాటలు వినపడ్డాయి. పడుచు ఎర్లీన్ గొంతు: "ఇది వెర్డెల్ పాట. తనొచ్చేదాకా నేను పాడను."

"అది రాదు. రికార్డింగు రేపని చెప్పా. నా పెళ్లాం ఊళ్లు పట్టుకు తిరిగితే నాకు వండిపెట్టేదెవరు? నువ్వు పాడు."

డ్రమ్ములు వాయించే రోస్కో గొంతు. చచ్చేదాకా ఎర్లీన్‌ని దొంగ అని తిట్టిన తన మొగుడు.

"ముందే చెప్పి ఏడవొచ్చుగా?" అంది వెర్డెల్.

"చెప్తే నమ్మేదానివా?"

వెర్డెల్ అద్దం పక్కన నవ్వుతున్న రోస్కో ఫొటోని గోడకేసి తిప్పింది. కాలిన ఎర్లీన్ చెవిని తన వేలితో మెల్లగా మడిచి పట్టుకుని, దువ్వెన ఎత్తింది.

"కదిలావంటే చంపుతా," అంది.