కోచ్ ఇంటి ముందు బోర్డు

"స్టగ్స్! ఇంటికి పో!"

ఆట మొదలై అయిదు నిమిషాలు కాలేదు. అప్పుడే లొరెట్టా కోచ్ మీద గొంతు చించుకోవడం మొదలుపెట్టింది.

యాభై ఎనిమిదేళ్ళ మనిషి. ముఖం సగానికి ఊదారంగు, సగానికి పసుపు పూసుకుంది. తలమీద ముళ్ళ టోపీ. టాల్బర్ట్ కాలేజీ అమెరికన్ ఫుట్‌బాల్ జట్టు పేరు ముళ్ళపందులు మరి. చేతిలో ఒక అట్ట. దానిమీద 'కోచ్‌ని సాగనంపండి' అని ఇంతేసి అక్షరాలు.

ఆమెనొక్కదాన్నే అనడమెందుకు? ఆ నవంబరు శనివారం సాయంత్రం స్టేడియంలో కూర్చున్న నలభై వేలమందీ అదే బాపతు. పొద్దుటి నుంచీ పార్కింగ్ స్థలంలో పంది మాంసం కాల్చుకు తిని, బీరు పట్టించి, ఆయాసపడుతూ మెట్లెక్కి వచ్చి, ఇరవయ్యేళ్ళ కుర్రాళ్ళకి ఎలా పరిగెత్తాలో చెబుతుంటారు. ఇంట్లో చెత్తడబ్బా వీధిలోకి లాగమంటే మాత్రం నడుంనొప్పి.

పక్క సీటు ఒడెల్‌ది. టైర్ల కొట్టు ఓనరు. ఇరవై రెండేళ్ళుగా అదే సీటు. ఈవిడ్ని ఎప్పుడూ చూసింది లేదుగానీ నోరు మాత్రం తెగ నచ్చేసింది.

"అలా గడ్డి పెట్టక్కా!" అంటూ ఉడకబెట్టిన వేరుశనక్కాయల పొట్లం చాచాడు. "ఇవాళ ఓడితే వాడి పని సరి. కాలేజీ ప్రెసిడెంటే పేపర్లో చెప్పేశాడు."

"ఖర్మకాలి గెలిస్తే?"

"గెలిస్తే ఇంకో నాలుగేళ్ళు మన నెత్తినే."

"నాలుగేళ్ళా!" లొరెట్టా తల పట్టుకుంది.

టాల్బర్ట్‌లో ఒక ఆచారం ఉంది. జట్టు ఓడితే, మర్నాడు పొద్దున కోచ్ ఇంటి ముందు పచ్చికలో 'ఈ ఇల్లు అమ్మబడును' అని బోర్డులు మొలుస్తాయి. ఎవరో ఆకతాయిల పని కాదు. ఊరి పెద్దమనుషులే చర్చికి వెళ్తూ వెళ్తూ పాతేసి పోతారు.

"పోయిన వారం ఏడు," అన్నాడు ఒడెల్ గర్వంగా. "రెండు నావే. కానీ సెప్టెంబర్లో మొదటి ఆట ఓడగానే మొదటి బోర్డు పాతాడే, వాడెవడో గానీ వాడి కాళ్ళకి దణ్ణం పెట్టాలి. అంత తొందరగా నాకే తట్టలేదు."

"బాగా విసిగిపోయినవాళ్ళు ఎవరో," అంది లొరెట్టా, కాయ ఒలుస్తూ.

నాలుగు భాగాల ఆటలో మూడో భాగంలో స్టగ్స్ ఉన్నట్టుండి బెంచీ మీద కూలబడ్డాడు. చెయ్యి ఛాతీ మీద ఉంది. పెద్ద తెర మీద అదే చూపించారు. స్టేడియమంతా ఈలలు వేసి వెక్కిరించింది.

"నాటకాలు!" అన్నాడు ఒడెల్. "వేసవిలో గుండెకి రెండు స్టెంట్లు వేశారట. వెయ్యాల్సింది బుర్రకి!"

చుట్టూ పదిమంది పగలబడి నవ్వారు. లొరెట్టా ఒళ్ళో కాయలన్నీ కింద పడ్డాయి. స్టగ్స్ నీళ్ళు తాగి లేచి నిలబడేదాకా ఆమె తెర మీంచి కళ్ళు తిప్పలేదు. లేచాక రెట్టింపు అరిచింది.

"ఇంకా నిలబడ్డావా? సిగ్గులేదూ? పోవయ్యా ఇంటికి!"

"అదీ దెబ్బంటే!" ఒడెల్ తొడ చరిచాడు.

ఆఖరి రెండు నిమిషాలు. ఎలాగో ముళ్ళపందులు మూడు పాయింట్లు ముందుకొచ్చారు. ఇక చూడాలి ఆ జనాన్ని! బోర్డులు పాతిన చేతులే చప్పట్లు కొడుతున్నాయి.

"నేను ముందే అన్నాను, స్టగ్స్ మొనగాడని!" ఒడెల్ గంతులేశాడు. ఇటు తిరిగి చూసి, "అదేంటక్కా, గెలుస్తుంటే ఆ ఏడుపు మొహం?" అన్నాడు.

లొరెట్టా ముఖం మీది రంగు గడ్డం మీదికి కారుతోంది.

బంతి మనవాళ్ళదే. కానీ నాలుగు ఛాన్సుల్లో పది గజాలు దాటకపోతే అది అవతలి జట్టుకి పోతుంది; ఇంకొక్క ఛాన్సే ఉంది, దాటాల్సింది ఒక్క గజం. బుద్ధున్నవాడెవడైనా బంతిని దూరంగా తన్నించేసి గెలుపు పట్టుకుపోతాడు.

"తన్నించు! తన్నించు!" నలభై వేల గొంతులు.

"తన్నించడు," అని గొణిగింది లొరెట్టా. "ఒక్క గజం కనబడితే ఆ మనిషి ఆగడు. ఎవరు చెప్పినా ఆగడు."

ఆగలేదు. మీద పడి దాటమన్నాడు. కుర్రాళ్ళు గోడకి గుద్దుకున్నట్టు ఆగిపోయారు. బంతి అవతలి జట్టుకి పోయింది. నలభై సెకన్లలో వాళ్ళు దాన్ని ఈ చివరిదాకా మోసుకొచ్చి ఆట గెలిచేశారు.

కప్పులు, సీసాలు మైదానంలోకి ఎగిరాయి.

"నేను ముందే అన్నాను, వీడొక దద్దమ్మని!" అన్నాడు ఒడెల్.

లొరెట్టా అతన్ని కావలించుకుని భోరుమంది.

జనం మెట్లు దిగకముందే అందరి ఫోన్లలోకీ వార్త వచ్చేసింది. స్టగ్స్‌ని తీసేశారు.

"ఆ ఇంటి ముందు ఇంకో బోర్డు పాతి పోదాం, వస్తావా అక్కా?"

"ఇంక అక్కర్లేదు తమ్ముడూ," అంది లొరెట్టా, చేతిలో అట్టని చెత్తబుట్టలో పడేస్తూ.

అరగంట తర్వాత, సెప్టెంబర్లో తన చేత్తో పాతిన మొదటి బోర్డు పక్కనుంచి కారు లోపలికి తిప్పి, ముఖం కడుక్కుని, ఉప్పు తగ్గించి వంట చేసి, ఇరవై తొమ్మిదేళ్ళలో మొదటిసారిగా ఆట ఉన్న శనివారంనాడు భోజనాల బల్ల మీద రెండు పళ్ళాలు పెట్టింది లొరెట్టా స్టగ్స్.