గాడ మంచిగ లేదు

"జర పక్కకు జరుగు, పెద్దాయనా!" అని కేకేశాడు దేవదాస్.

కాలువ కట్ట మీద నిలబడ్డ ముసలాయన జరిగాడు. జరిగింది ఒక్క అడుగే.

దేవదాస్‌కు ఒళ్లు మండింది.

అతనికి బోధన్‌లో మందుల దుకాణం ఉంది. మస్కట్ నుంచి వచ్చిన బావమరిది కొత్త డిజిటల్ కెమెరా చేతిలో పెట్టినప్పటి నుంచి ఆదివారమంటే పొద్దున చర్చి, సాయంత్రం కెమెరా. భార్య శారమ్మ దానికి సవతి అని పేరు పెట్టింది. రీలు కొనే పని లేదు, కడిగించే పని లేదు. నొక్కగానే వెనకున్న చిన్న తెర మీద బొమ్మ కనిపిస్తుంది. నచ్చకపోతే అక్కడికక్కడే చెరిపేయొచ్చు. చెరిపేయడంలోనే అతనికి సగం సంతోషం.

నిజామాబాద్‌లో ఫోటోల పోటీ పెడుతున్నారని తెలిసింది మొదలు అతని మనసంతా ఈ నిజాంసాగర్ కాలువ మలుపు మీదే ఉంది. అవతలి గట్టున తెల్లగా పూసిన చెరుకు. నీళ్లలోకి వంగిన తుమ్మచెట్టు. పొద్దు వాలేవేళకు దాని మీదికి చేరే కొంగలు. ఇవతల, కట్ట అంచున, పచ్చటి గడ్డి.

అన్నీ చక్కగా కుదిరేవి. ఆ గడ్డి దగ్గర ఈ ముసలాయన లేకపోతే.

దేవదాస్ తెర మీదే చూపు పెట్టి రెండడుగులు ముందుకేస్తే చాలు, కట్ట కింద గొర్రెలు కాస్తున్న ముసలాయన ఆయాసపడుతూ పైకొచ్చేవాడు. వచ్చి అడ్డంగా నిలబడేవాడు.

"పోయిన వారం నీ ఫోటో తీసిన గదా! ఇంకెన్ని తియ్యాలె?"

"ఫోటో వద్దు సారు."

"మరి జరుగు."

"గాడ మంచిగ లేదు సారు."

"ఫోటో యాడికెళ్లి తీస్తే మంచిగొస్తదో నువ్వు నేర్పుతవా నాకు?"

ముసలాయన జరగలేదు. ఈలోగా కొంగలు లేచిపోయాయి.

దేవదాస్ స్కూటర్ మీద కూర్చుని ఆ రోజు తీసినవన్నీ చూసుకున్నాడు. ప్రతిదాంట్లోనూ ముసలాయనే. ఒకదాంట్లో ముఖం ఎంతో బాగా వచ్చింది. తలకు తువ్వాల, గడ్డం మీద ఎండ, సూటిగా ఇటే చూస్తున్న కళ్లు. ఒక్క క్షణం ఆగాడు. తర్వాత దాన్నీ చెరిపేశాడు.

"వచ్చే ఐతారం నువ్వు గీడ కనవడొద్దు, చెప్తున్న!"

ముసలాయన దగ్గుకుంటూ గొర్రెల వైపు దిగిపోయాడు.

మరుసటి ఆదివారం నిజంగానే కనపడలేదు. గొర్రెలూ లేవు. ఆ గడ్డిలో మాత్రం పెద్ద తుమ్మకంప అడ్డంగా పడి ఉంది.

"తను రాకున్నా ఇదొకటి పెట్టిపోయిండు," అని గొణుక్కున్నాడు దేవదాస్.

ముళ్లు గుచ్చుకుంటాయని చేత్తో ముట్టుకోలేదు. దారిలో పడి ఉన్న చెరుకు గడ తెచ్చి, దూరం నుంచే కంపను కాలువలోకి నెట్టేశాడు. అది తేలుకుంటూ పోయింది. అంతలో కొంగలు దిగాయి. ఉన్నచోటనే నిలబడి నొక్కాడు.

ఆ ఫోటోకు రెండో బహుమతి వచ్చింది. పెద్దదిగా అచ్చు వేయించి, అద్దం పటం కట్టించి దుకాణంలో తగిలించాడు.

"కేరళనా సారు?" అని అడిగేవారు మందులకొచ్చినవాళ్లు.

"కేరళ గాదు, మన కాలువే!" అని దేవదాస్ పొంగిపోయేవాడు.

ఒక మధ్యాహ్నం ఒక ముసలామె దుకాణం మెట్లెక్కింది. మందులేమీ అడగలేదు.

"కాలువకాడ ఫోటోలు దీసెటోళ్లు మీరేనా సారు?"

"నేనే అవ్వా. ఏం గావాలె?"

"నేను గొర్రెల లింబయ్య పెండ్లాన్ని. లింగవ్వ అంటరు. మా ఆయన జెరమొచ్చి పోయిండు. మీరు ఆయనవి మస్తు ఫోటోలు దీసిండ్రట గదా. ఒక్కటిస్తే పటం కట్టించుకుంట. రేషన్ కార్డు మీదిది మసకైంది. ముఖమే తెలుస్తలేదు."

దేవదాస్ సొరుగులోంచి కెమెరా తీశాడు. నొక్కుతూ పోయాడు. కొంగలు. చెరుకు. శారమ్మ. మళ్లీ కొంగలు. లేదని తెలిసీ నొక్కుతూనే ఉన్నాడు.

"లేవు అవ్వా," అన్నాడు చివరికి. "చెరిగిపోయినయి."

లింగవ్వ ఏడవలేదు. తల దించుకుని వెళ్లబోయింది. తలెత్తేసరికి గోడ మీది పటం కనిపించింది. దగ్గరికి వెళ్లి అద్దం మీద, గడ్డి ఉన్నచోట వేలు పెట్టింది.

"గీడనే నిలవడుతుండె ఆయన."

"అవును," అన్నాడు దేవదాస్.

"మా పోరి గీడనే పోయింది సారు. పైకి గడ్డి గనవడుతది, కిందంత బోలు. గడ్డి గోసుకుందామని కాలు వెట్టింది, కట్ట కుంగి నీళ్లల్ల పడ్డది. గప్పటి సంది ఆయన గొర్లను గాడనే మేపిండు. ఎవలు గటు పోవట్టినా ఉరికొచ్చి అడ్డం నిలవడుతుండె."

దేవదాస్ చేతిలోని కెమెరా తెర దానంతటదే ఆరిపోయింది.

"బిడ్డ ముచ్చట ఆయన నోట్లెకెళ్లి ఎల్లకపోయేది. గాడ మంచిగ లేదు అంటుండె, గంతే. ఆఖరికి జెరంల లేవ చాతగాకున్నా పోయిండు. ‘నేను రాకున్నా గిదుంటది’ అని తుమ్మకంప గొట్టి గాడ ఏసొచ్చిండు."

ఆమె వేలు అద్దం మీద, గడ్డి వెంట, అటొకసారి ఇటొకసారి తిరిగింది.

"కంప కనవడ్తలేదేంది సారు?"