నాలొంగో ఒక్క కన్ను

“ఎల్లుండి రా నాలొంగో. తెల్లారగానే మొదటి పేరు నీదే పిలుస్తా,” అంది సిస్టర్ నకిమూలి.

“ఎల్లుండి కుదరదు. ఇవాళే చెయ్యాలి,” అంది ముసలావిడ, బెంచీ మీంచి కదలకుండా.

కిసోజో చర్చి ఆవరణలో వైద్య శిబిరం ఆ ఉదయమే మొదలైంది. కంపాలా నుంచి ఏటా వచ్చే మిషన్ బృందంలో నకిమూలి పాత కాపు. ఆసుపత్రిలో తనకొచ్చే సెలవులన్నీ తెచ్చి ఇక్కడే ఖర్చుపెడుతుంది. జీతం లేని ఈ పనిలో ఆమె గర్వమల్లా ఒక్కటే. తన వరుసలో ఎవరూ ముందుకు దూరరు. కిందటేడు ఊరి పెద్ద భార్యంతటిది కూడా ఎండలో నిలబడి తన వంతు కోసం కాచుకుంది.

“ఉన్నది ఒక్క కన్ను,” అంది నాలొంగో. “ఎడమది నాటుమందు పోసుకుని నేనే పోగొట్టుకున్నా. ఈ కుడిదానికి పొర కమ్మేసింది. నీ మొహం కూడా నాకు పొగలాగే ఉంది.”

“అందుకే నిదానంగా చేద్దామంటున్నా. ఇవాళ్టికి డాక్టరుగారికి చేతినిండా పనుంది. రేపు ఆయనకి సెలవు. ఎల్లుండి వస్తారు. ఈలోపు మించిపోయేదేముంది?”

“ఎల్లుండికి మించిపోతుంది.”

నకిమూలికి అనుమానం వచ్చింది. “ఈ ముహూర్తం ఎవరు పెట్టారు? కొండ కింద మంత్రగాడేనా? ఆదివారం చర్చిలో ముందు బెంచీ, సోమవారం వాడి గుడిసె. బాగుంది వరస.”

“నా కన్ను పోయిన రోజే వాడి గడప తొక్కడం మానేశా. నోరు జారకు సిస్టర్.”

“మరి కారణం చెప్పు.”

“ఇంటి మాట వీధిలో చెప్పుకునేదాన్ని కాను.”

ఇంతలో పళ్ళ డాక్టరు దగ్గర గోల మొదలైంది. బుగ్గ వాచిన మనిషొకడు కుర్చీలోంచి లేచి, దవడ పట్టుకుని శిబిరం వ్యాన్ వెనక్కి పరుగెత్తాడు. నార్వే నుంచి వచ్చిన మారిట్ పట్టకారు పట్టుకుని తెల్లమొహం వేసింది.

“నేనింకా పన్ను ముట్టుకోనేలేదు,” అంది వచ్చీరాని లుగాండాలో. జనం పగలబడి నవ్వారు.

“నీకు భయపడి కాదులే తల్లీ,” అంది నకిమూలి అటు వెళ్ళి. “అదిగో, వాళ్ళ అత్తగారొచ్చి పక్కన కూర్చుంది. అల్లుడి చెయ్యి అత్తకి తగలకూడదు. తగిలితే చేతులు వణికే జబ్బొస్తుందంటారు మావాళ్ళు.”

“మీరు నమ్ముతారా?”

“నర్సుని. నేనెందుకు నమ్ముతా?” అంటూనే అత్తగారి బెంచీని చర్చి గోడ వారకి జరిపించింది.

తిరిగొచ్చేసరికి నాలొంగో ఆపరేషన్ గది గుమ్మం పట్టుకుని నిలబడి ఉంది. వరుసలోని ఆడవాళ్ళు గుసగుసలాడుతున్నారు.

“రేపు వాళ్ళింటినిండా చుట్టాలు,” అంది ఒకావిడ. “వంటశాలలో పెత్తనం తనదే కావాలని ఈ ఆరాటం.”

“అరటికాయ ఉడికిందో లేదో చూసుకోడానికా నా లైను చెడగొట్టడం?” నకిమూలికి ఒళ్ళు మండింది.

“ఆ డాక్టరు చేతుల గురించి జిల్లా అంతా చెప్పుకుంటోంది,” అంది నాలొంగో, తల ఎత్తి, తనే కని పెంచినంత గర్వంగా. “నా కన్ను ఆ చేతులకే ఇస్తా. ఇవాళ దాటితే అవి నాకు దొరకవు.”

గది తెర తొలగింది. డాక్టర్ ముగెర్వా ముసలావిడని చూశాడు.

“పడుకోబెట్టండి సిస్టర్.”

“బయట ఇంతమంది ఉండగానా?”

“నేను భోజనం మానేస్తా. వాళ్ళలో ఎవరి వంతూ తప్పిపోదు.”

నకిమూలి విసవిసలాడుతూనే సామగ్రి అందించింది. అయితే ఆయన వేళ్ళు ఆ కంటి మీద కదలడం మొదలయ్యాక కోపం నిలవలేదు. ఎంత సన్నని పని, ఎంత నిబ్బరం. ఈ మట్టిలో పుట్టిన పిల్లవాడు, ఏ దేశపు డాక్టరుకీ తీసిపోడు అనుకుంది.

పని ముగిసి ఆయన తొడుగులు విప్పాక, కంటికి పట్టీతో లేచి కూర్చున్న నాలొంగో గాలిలో తడుముకుంది. ఆయన చేతులు అందిపుచ్చుకుని చెంపకి ఆనించుకుంది. చాలాసేపు వదల్లేదు.

“దేవుడు వీటిని చల్లగా చూడాలి,” అంది. తర్వాత తనే వదిలేసి, “ఇక చాలు,” అని పక్కింటి పిల్ల భుజం పట్టుకుని వెళ్ళిపోయింది.

“సిస్టర్, రేపు పొద్దున వాళ్ళింటికెళ్ళి పట్టీ మీరే విప్పాలి,” అన్నాడు డాక్టరు.

నకిమూలి ఆశ్చర్యపోయింది. ఎవరి పట్టీ అయినా ఆయనే విప్పుతాడు. చూపొచ్చిన మనిషి మొట్టమొదట తన మొహమే చూడాలని ఆయనకి సరదా.

“ఇంత చేసి ఆ ముచ్చట నాకు వదిలేస్తారా? సెలవే కదా, మీరే వెళ్ళి విప్పరాదూ?”

ఆయన తన చేతుల వైపు చూసుకుని నవ్వాడు.

“రేపట్నుంచి ఆవిడ మా అత్తగారు, సిస్టర్.”