దగ్గు తాత

"తొమ్మిది... నాలుగు... నాలుగు..."

ఖళ్ళు ఖళ్ళుమని దగ్గు. మిగతా అంకెలు అందులో కొట్టుకుపోయాయి.

"మళ్ళీ చెప్పండమ్మా," కౌంటర్‌లో జుసారా విసుక్కుంది.

వరసలో ముందున్నావిడ మళ్ళీ చెప్పింది. వెనకాల ముసలాయన మళ్ళీ దగ్గాడు.

"మందుల షాపులో నిలబడి దగ్గుతావేంటి తాతా! ఓ సీసా తాగరాదూ?" అన్నారెవరో. వరసంతా నవ్వింది.

మా ఇతబూనా ఊళ్ళో మందుల షాపుకెళితే ముందు అడిగేది జబ్బు కాదు, గుర్తింపు నంబరు. పదకొండు అంకెలు. అది చెబితేనే ధర తగ్గిస్తారు, అది చెబితేనే సర్కారు ఉచిత ఇన్సులిన్ ఇస్తారు. ఊరంతా వినేలా చెప్పడం మాకు అలవాటైపోయింది.

దగ్గు తాత మాత్రం చెప్పేవాడు కాదు. వచ్చినప్పుడల్లా ఒక దగ్గుమందు సీసా కొని, పూర్తి ధర ఇచ్చి వెళ్ళేవాడు.

"అంకెలు అందరిచేతా అరిపించకు తల్లీ. కాగితం మీద రాయించుకో," అన్నాడొకసారి.

"ఈ ముసలాళ్ళ నంబర్లు కొట్టేసి ఎవడు బాగుపడతాడు తాతా? జరుగు, వెనక జనం ఉన్నారు."

ఆ రోజు ఆవిడ మూడోసారి నంబరు చెబుతుంటే తాత మళ్ళీ దగ్గాడు. జుసారాకు ఓపిక నశించి కాపలాదారు జెనివాల్దోని పిలిచింది.

"ఈయన్ని ఇంక లోపలికి రానీకు. ఏ రోగం అంటిస్తాడో ఏమో!"

తాత రెండు రోజులు గుమ్మం బయట నిలబడ్డాడు. అక్కణ్నుంచి దగ్గినా లోపలికి వినపడలేదు. తర్వాత రావడం మానేశాడు.

పై నెలలో దోనా జుల్మీరా అనే ముసలావిడ ఇన్సులిన్‌ కోసం వచ్చింది.

"ఈ నెలది మూడో తారీఖునే తీసుకున్నట్టుందమ్మా," అంది జుసారా కంప్యూటర్ తెర చూసి.

"నేనా? మోకాళ్ళ నొప్పితో మంచం దిగితే కదే!"

ఆ వారంలోనే ఇంకో ఇద్దరికి అలాగే అయింది. చివరికి పోలీసులు ఒకణ్ణి పట్టుకున్నారు. చెవికి ఫోను పెట్టుకుని ఎప్పుడూ వరసలో నిలబడేవాడే. విన్న నంబర్లు రాసుకుని, దొంగ చీటీలతో వేరే షాపుల్లో ఇన్సులిన్ తీసుకుని అమ్ముకుంటున్నాడట. రెండేళ్ళుగా!

జుసారాకు దగ్గు గుర్తొచ్చింది. జెనివాల్దోని అడిగి తాత ఇల్లు వెతుక్కుంటూ వెళ్ళింది.

తలుపు తీసింది పక్కింటావిడ.

"ఆదివారం పోయాడమ్మా. గుండె ఆగిపోయింది."

"దగ్గు ముదిరిందా?"

"దగ్గా? ఆయన దగ్గగా నేనెప్పుడూ వినలేదే!"

లోపల అలమరలో దగ్గుమందు సీసాలు బారులు తీరి ఉన్నాయి. ఒక్కదాని మూతా తీయలేదు. వాటి పక్కన ఒక అవ్వ ఫొటో ఉంది.

"ఆయన భార్య," అంది పక్కింటావిడ. "నిరుడు మందు అందక చనిపోయింది, పాపం. నంబరు ఎవడో వాడేశాడని ఈయన పోలీసుల చుట్టూ తిరిగాడు. సాక్ష్యం తెమ్మన్నారట."

'నీ ఇన్సులిన్ నువ్వే తీసుకెళ్ళి మరిచిపోయుంటావవ్వా' అంటూ తాను మూడుసార్లు వట్టి చేతులతో తిప్పి పంపిన మనిషిని, జుసారా చూడగానే గుర్తుపట్టింది.