రిపోర్టు వచ్చేదాకా

గంగాధరం బెంచీ మీంచి లేచి మళ్లీ గేటు వైపు నడిచాడు.

"యాడికి నాయనా?" కూతురు భానుశ్రీ చెయ్యి పట్టుకుంది.

"ఇంటికి. నాకేమీ రోగం లేదు."

నెలలో రెండుసార్లు చేలో కళ్లు తిరిగి పడిపోయాడాయన. నాడి మరీ నెమ్మదిగా కొట్టుకుంటోందని, పేస్‌మేకర్ పెట్టాల్సి రావచ్చని, ముందు పరీక్షలు చేయించమని సత్యవేడు డాక్టరు చెప్పాడు. అందుకే తండ్రీ కూతుళ్లు పొద్దున్నే తిరుపతిలోని ఈ గుండె ఆసుపత్రికి వచ్చారు.

"పరీక్షలంటే భయమా అన్నా?"

ఎదురు బెంచీ మీంచి ఒకతను పలకరించాడు. నలిగిన చొక్కా, భుజాన తువ్వాలు. వెంట ఎవరూ లేరు. చేతిలో కాగితం ముక్క కూడా లేదు.

గంగాధరం ఆగాడు. "కోస్తారంట కదప్పా?"

"ఈ పొద్దు ఎవురూ కొయ్యరు. ముందు ఈసీజీ. ఒంటికి క్లిప్పులు తగిలించి పడుకోమంటారు. రెండే నిమిషాలు. చీమ కుట్టినంత నొప్పి కూడా ఉండదు."

"తర్వాత?"

"ఎకో. ఎడమపక్కకి తిరిగి పడుకోవాల. ఎదమీద సల్లగా జిగురు పూసి, గుండె కొట్టుకునేది టీవీలో సూస్తారు. నీ గుండె సప్పుడు నీకే ఇనిపిస్తాది. బెదరొద్దు."

గంగాధరం వచ్చి అతని పక్కన కూర్చున్నాడు.

"ఆపైన ఒంటికి చిన్న పెట్టె కడతారు. హోల్టర్ అంటారు. ఒక పగలు, ఒక రాత్రి ఉంచుకోవాల. నీళ్లు పోసుకోకూడదు. తల తిరిగితే టైం రాసి పెట్టుకో. గుండె ఎప్పుడు ఆగిందో అదే పట్టిస్తాది."

"ఆగుతాదా!"

"ఆగి మళ్లీ కొట్టుకుంటాది లే. మరీ ఎక్కువసేపు ఆగితేనే పేస్‌మేకర్. దానికి కూడా చిన్న కోతేనంట. మత్తు ఇస్తారంట."

భానుశ్రీకి ఒళ్లు మండింది. ఆసుపత్రి హాల్లో కూర్చుని ఇంత ఓపిగ్గా చెప్పేవాళ్లు ఎవరో ఆమెకు తెలుసు. పోయిన ఏడు ఒక బ్రోకరు ఇలాగే తియ్యగా మాట్లాడి మేనత్తను ఇంకేదో ఆసుపత్రికి తీసుకుపోయాడు. మేనత్త మళ్లీ ఇల్లు చేరలేదు.

"ఫోను నెంబరు చెప్పన్నా," అంటున్నాడతను. "పెట్టె కట్టినాక భయమేస్తే మాట్లాడుకుందాం."

అంతే. భానుశ్రీ లేచి వెళ్లి సెక్యూరిటీని వెంటబెట్టుకొచ్చింది.

"ఈయప్ప బ్రోకరు. మా నాయన్ని మాటల్లో పెడతా ఉండాడు."

"చీటీ చూపించు," అన్నాడు సెక్యూరిటీ.

"లోపల ఇచ్చినానప్పా."

"మీరంతా చెప్పేది ఇదే. లెయ్!"

అతను గొంతు పెంచలేదు. "పాపా, నేను..." అని భానుశ్రీతో ఏదో చెప్పబోయాడు. ఆమె మొహం తిప్పుకుంది.

సెక్యూరిటీ రెక్క పట్టుకుని లేపాడు. హాలంతా చూసింది. అతను తల వంచుకుని నడిచాడు.

"మళ్లీ గేటు లోపల కనిపించినావంటే పోలీసులకు చెప్తా!"

గంగాధరం అతని వెనకే లేవబోతే కూతురు భుజం పట్టి కూర్చోబెట్టింది.

ఈసీజీ అయింది. ఎకో అయింది. ఆయన ఒక్కసారి కూడా బెదరలేదు.

"అంతా ఆయప్ప చెప్పినట్టే ఉండాది మ్మా," అన్నాడు చొక్కా గుండీలు పెట్టుకుంటూ.

భానుశ్రీ కాగితాలు సర్దుకుని ముందుకు నడిచింది.

పన్నెండు గంటలకు హోల్టర్ గది ముందు కూర్చున్నారు. తలుపు తోసుకుని టెక్నీషియన్ మోహన పరుగున బయటికి వచ్చింది.

"ఆదిమూలం! పూతలపట్టు ఆదిమూలం!"

ఎవరూ పలకలేదు.

"రిపోర్టు వచ్చేదాకా హాల్లోనే ఉండమన్నానే!" ఆమె హాలు నలుమూలలా చూసింది.

"ఏమైంది మేడం?" భానుశ్రీ అడిగింది.

"నిద్రలో ఎనిమిది సెకండ్లు గుండె ఆగింది. అదీ ఒక్కసారి కాదు. ఇప్పుడే పేస్‌మేకర్ పెట్టాలని డాక్టరు అంటున్నారు. అసలు అడుగు తీసి అడుగు వేయకూడదు ఆయన."

"చెప్పినా వినకుండా పోయేవాళ్లని ఎవరేం చేస్తారు," అంది భానుశ్రీ.

మోహన ఫైలు తెరిచి, అందులోని నెంబరుకు ఫోను చేసింది. చాలాసేపటికి ఎవరో ఎత్తారు. స్పీకర్లో జనం అరుపులు.

"నేను కండక్టర్ని మేడం, చిత్తూరు బస్సు. ఈయప్ప మీకేమవుతాడు? పూతలపట్టుకు టికెట్టు తీసుకుని కిటికీకి ఆనుకుని కూర్చున్నాడు. ఊరొచ్చిందని లేపితే లేయలేదు. ఒళ్లు సల్లగా ఉండాది. ఇప్పుడే అంబులెన్సు వాళ్లొచ్చి చూసినారు... ప్రాణం లేదంటా ఉండారు మేడం."

మోహన బెంచీ మీద కూలబడింది. ఫైలు ఆమె ఒళ్లో తెరిచే ఉంది.

గంగాధరం వంగి చూశాడు. "అమ్మా..." అన్నాడు.

భానుశ్రీ కూడా చూసింది.

మొదటి కాగితానికి పిన్ను కొట్టిన ఆధార్ జిరాక్సులో, పొద్దున ఆమె గెంటించిన బ్రోకరు ఉన్నాడు.