సుంకన్నకు పాలు

“ఆపు రా! అవి పాలు గాదు!”

ఓబయ్య అరుపుకు ఏసుబాబు చేతిలో డబ్బా ఆగిపోయింది. ముందున్న మట్టికుండలో, ఈ పరాయి దేశంలో తమతో పనిచేస్తూ చచ్చిపోయిన సుంకన్న ఎముకలున్నాయి. సముద్రంలో కలిపేముందు వాటిని పాలతో కడగాలి.

“డబ్బా మీద మిల్క్ అనే రాశారు కదన్నా?”

“సోయా గింజలు రుబ్బి పిండిన నీళ్లు. ఆవు మొగం చూసినాయా అవి? పేరు రాస్తే పాలయిపోతాయా?”

“మా చర్చిలో ఇయ్యన్నీ ఉండవు. నాకేం తెలుసు?”

“బతికినన్నాళ్లూ వానికి ఏదీ సక్కంగా జరగల్యా. ఇదొక్కటన్నా నిజంగా జరగల్ల.”

ఏసుబాబు తలెత్తాడు. “వుడ్‌ల్యాండ్స్‌లో కంప్యూటర్ చిప్పుల ఫ్యాక్టరీ మీంచి ఆడు పడ్డప్పుడు, విచారణకొచ్చిన ఆఫీసరుకి మనమేం చెప్పాం? కంపెనీ నడుముకి తాడిచ్చింది, ఆడే కట్టుకోలేదన్నాం. తాడెక్కడిచ్చారన్నా?”

ఆ మాట అనకపోతే మర్నాడే కంపెనీవాళ్లు ఇద్దరినీ పనిలోంచి తీసేసి ఇంటికి విమానం ఎక్కించేవాళ్లు. ఆ మాటే విని, ఊళ్లో సుంకన్న తల్లి కూడా వాడు వాడి తప్పుతోనే చచ్చాడని నమ్మింది.

“షాపు దగ్గరే. ఆవుపాలు తెస్తానుండు,” ఏసుబాబు లేచాడు.

“వద్దులే.” ఓబయ్య కుండను అతని ముందుకు జరిపాడు. “పోసెయ్. అబద్ధమాడిన మన చేతుల్తో పోస్తే అవైనా ఒకటే, ఇవైనా ఒకటే.”